కీళ్లవాతంలో ఆ మొదటి నెలలు

(అనంతపురంలో కీళ్లవాత రోగులకూ, వాళ్ల ఇంటివాళ్లకూ, ఆశా కార్యకర్తలకూ ఇచ్చిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. గోడవారగా నిలబడ్డవాళ్లు ముందుకు రండి, మొదటి వరుసలో ఖాళీలున్నాయి. కీళ్ల నొప్పి ఉన్నవాళ్లెవరూ నిలబడొద్దు.

మాటలకంటే ముందు చేతులు చూసుకుందాం. రెండు చేతులూ చాపి గట్టిగా పిడికిలి బిగించండి. నాలుగు వేళ్ల కొసలూ అరచేతికి ఆనాలి. ఇప్పుడు పిడికిలి పైన మెటికల వరుస చూడండి. నాలుగు గుట్టలు, వాటి మధ్య మూడు పల్లాలు కనబడాలి. పల్లాలు పూడిపోయి వరుసంతా ఒకే దిమ్మెలా ఉంటే అక్కడ వాపు ఉన్నట్టు. సరే, పిడికిలి విప్పండి. ఒక చేతి మెటికల వరుసను రెండో చేత్తో అటుపక్క, ఇటుపక్క పట్టుకుని కలిపి అదమండి. బాగున్న చేతికి ఏమీ అనిపించదు. వాపు ఉన్న చేతికి ప్రాణం జివ్వుమంటుంది. ఇంటికి పోయాక కాలివేళ్ల మొదళ్లు కూడా ఇట్లాగే అదిమి చూసుకోండి. చాలామందికి జబ్బు కాళ్లలోనే మొదలవుతుంది, చెప్పులు సరిపోవడం లేదనుకుని ఊరుకుంటారు.

మా ఓపీలో మేము చేసే పని కూడా ఇదే. ఒక్కొక్క కీలునూ బొటనవేలితో నొక్కి చూస్తాం. ఎంత గట్టిగా అంటే, నొక్కేవాళ్ల గోరు తెల్లబడేంత, అంతకు మించి కాదు. వేలి కింద ఏం తగులుతోందన్నదే అసలు సంగతి. ద్రాక్షపండును నొక్కినట్టు మెత్తగా ఉంటే కీలు లోపలి పొర వాచినట్టు. చింతగింజలాగా గట్టిగా తగిలితే అది ఎముక పెరుగుదల, అరుగుదల వల్ల వచ్చేది. ఆ గట్టి బుడిపెలు ఎక్కువగా గోటికి దగ్గరగా ఉన్న కణుపు మీద వస్తాయి. రుమటాయిడ్, అంటే మనం ఇప్పుడు చెప్పుకుంటున్న కీళ్లవాతం, ఆ కణుపు జోలికి దాదాపుగా పోదు. మెటికలు, మధ్య కణుపులు, మణికట్లు పట్టుకుంటుంది, అదీ ఎక్కువమందిలో రెండు చేతులకూ. భుజాలు, మోచేతులు, మణికట్లు, మెటికలు, మధ్య కణుపులు, మోకాళ్లు కలిపి 28 కీళ్లు లెక్కపెట్టి, ఎన్ని వాచాయి, ఎన్ని నొప్పి పెడుతున్నాయి అని రాసుకుంటాం. వచ్చిన ప్రతిసారీ ఆ లెక్క తగ్గుతోందా లేదా అన్నదే మందు పనిచేస్తోందనడానికి గుర్తు. అందుకే మీ డాక్టరు చేతులు పట్టుకుని చూడకుండా రిపోర్టు మాత్రమే చూసి పంపిస్తే, 'సార్, ఒకసారి చేతులు చూడండి' అని మీరే అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఇంకో ప్రశ్న ఉంది. నొప్పి ఉందా అని కాదు, పొద్దున లేచాక చేతులు వశం కావడానికి ఎంతసేపు పడుతుంది అని. అరుగుదల నొప్పి ఉన్న మనిషికి లేచి నాలుగడుగులు వేస్తే, మహా అయితే అరగంటలోపు, బిగువు వదులుతుంది. కీళ్లవాతంలో గంట, కొందరికి మధ్యాహ్నం దాకా వదలదు. పొద్దున జొన్నరొట్టె తట్టలేక, సంగటి కెలకలేక, చెంబు ఎత్తలేక, రైక హుక్కులు పెట్టుకోలేక ఇబ్బంది పడే మనిషి సాయంత్రానికి మామూలుగా తిరుగుతూ ఉంటే, ఇంట్లోవాళ్లు 'పనికి బద్ధకం' అంటారు. ఆ మాట పడుతున్న ఆడమనిషి మీ ఇంట్లో ఉంటే దయచేసి ఆమె మెటికలు నొక్కి చూడండి. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ, అదీ ఇంటిపనీ, పొలంపనీ నెత్తిన ఉండే వయసులో.

ఏమిటీ జబ్బు? కంచె చేను మేయడమే. బయటి క్రిములను అడ్డుకోవాల్సిన రక్షణ కణాలు మన కీళ్ల పొరనే శత్రువనుకుని తినడం మొదలుపెడతాయి. పొర వాస్తుంది, దళసరి అవుతుంది, పక్కనున్న మృదులాస్థినీ, ఎముకనూ కొరుకుతుంది. కొరికిన గుంట మళ్లీ పూడదు. ఇక్కడ ఒక్కటి గట్టిగా పట్టుకోండి: ఈ కొరుకుడు చాలామందిలో మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. వాపు మొదలైన 3 నుంచి 6 నెలల లోపల సరైన మందు పడితే కీలు నిలుస్తుంది. ఆ తర్వాత మొదలుపెట్టినా మేలు ఉంటుంది గానీ, పోయిన ఎముక రాదు. కాబట్టి వాపు 6 వారాలు దాటిందంటే ఇంకో నెల చూద్దామనే మాట లేదు.

మరి ఆ నెలలు ఎక్కడ పోతున్నాయి?

మొదట, ఎవరి దగ్గరికి పోవాలో తెలియక పోతున్నాయి. కీళ్ల నొప్పి అనగానే ఎముకల డాక్టరు గుర్తొస్తాడు. విరిగిన ఎముకకూ, అరిగిన కీలు మార్చడానికీ ఆయనే కావాలి. ఇది మాత్రం రక్తంలో పుట్టి కీళ్లలో కనబడే జబ్బు. దీనికోసం జనరల్ మెడిసిన్‌లో ఎండీ అయ్యాక ఇంకో మూడేళ్లు డీఎం చదివినవాళ్లుంటారు, రుమటాలజిస్టులు. వీళ్లు ఆపరేషన్లు చేయరు. కీళ్లవాతం, చర్మాన్నీ కీళ్లనూ కిడ్నీలనూ పట్టే లూపస్, నడుము బిగుసుకుపోయే స్పాండిలైటిస్, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా, కండరాల వాపు, రక్తనాళాల వాపు, యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్స్, ఇవన్నీ వాళ్లు చూసేవి. మన జిల్లాల్లో అటువంటి డాక్టర్లు తక్కువ. కర్నూలు వాళ్లు హైదరాబాదుకు, మనం బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో, వేలూరుకో బయలుదేరతాం. ఎట్లా పోతే డబ్బూ, రోజులూ తక్కువ ఖర్చవుతాయో చివర్లో చెప్తాను.

రెండోది, తప్పు పరీక్షల మీద పోతున్నాయి. ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. ఏఎస్‌ఓ అని ఒక పరీక్ష. గొంతుకు ఒక రకం బ్యాక్టీరియా సోకి పోయిందా అని మాత్రమే అది చెబుతుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వచ్చే రుమాటిక్ జ్వరంలో దాని అవసరం ఉంది. ఆ జ్వరంలో నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకు దూకుతుంది, కీళ్లు వంకర పోవు, దెబ్బ గుండె కవాటాలకు తగులుతుంది, అందుకే పెన్సిలిన్ 12 లక్షల యూనిట్ల సూది మూడు వారాలకొకసారి ఏళ్ల తరబడి వేస్తారు. రుమాటిక్, రుమటాయిడ్ అనే రెండు పేర్లూ దగ్గరగా ఉండటం వల్ల, 40 ఏళ్ల ఆమెకు మెటికలు వాస్తే ఏఎస్‌ఓ చేసి, కొంచెం ఎక్కువుందని పెన్సిలిన్ సూదులు మొదలుపెడతారు. సూది తప్పక వేయించుకుంటూ ఉంటుంది, కీళ్లు వంగిపోతూ ఉంటాయి. ఆ సూదికీ ఈ జబ్బుకూ సంబంధమే లేదు.

యూరిక్ యాసిడ్ కూడా అంతే. గౌట్ అంటే ఎక్కువగా మగవాళ్లకు, రాత్రికి రాత్రి కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి. అట్లాంటి నొప్పి ఏమీ లేకుండా యూరిక్ యాసిడ్ 7 ఉందని మందు మొదలుపెట్టి, పప్పు మానేయమంటారు. కందిపప్పు, పెసరపప్పు తిన్నందుకు గౌట్ పెరగదు. రాగి సంగటిలోకి పప్పు మానేస్తే మాంసకృత్తులు తగ్గి కండ కరుగుతుంది, అంతే. ఇంకో మాట, నిజమైన గౌట్ దాడి జరుగుతున్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగా ఉన్నట్టు కూడా రావచ్చు. నొప్పి తగ్గిన రెండు వారాలకు మళ్లీ చూడాలి.

మరి పనికొచ్చే పరీక్షలు ఏవి? ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ: ఒంట్లో వాపు ఎంతుందో చెబుతాయి, ఎందువల్లో చెప్పవు. ఆర్‌ఏ ఫ్యాక్టర్: రుమటాయిడ్ ఉన్నవాళ్లలో పదిమందిలో ఇద్దరు ముగ్గురికి ఇది నెగెటివ్‌గానే ఉంటుంది. మరోవైపు ఏ కీళ్లవాతమూ లేని ముసలివాళ్లలో, క్షయ ఉన్నవాళ్లలో, హెపటైటిస్ సీ ఉన్నవాళ్లలో పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ కొంచెం నమ్మదగ్గది. అది పాజిటివ్ వచ్చి కీళ్లు వాచి ఉంటే అనుమానం పెద్దగా మిగలదు. రెండూ నెగెటివ్ వచ్చినా వేలి కింద ద్రాక్షపండు తగులుతుంటే జబ్బు ఉన్నట్టే. చేతులకూ కాళ్లకూ కలిపి ఒకసారి ఎక్స్‌రే తీయించి దాచుకోండి. అది మొదటి రోజు కొలత. రెండేళ్ల తర్వాత దానితో పోల్చి చూస్తాం.

2006లో చికున్‌గున్యా మన పల్లెలను ఎట్లా మంచాన పడేసిందో మీకు గుర్తుంది. ఆ జ్వరం పోయాక కూడా నెలల తరబడి కీళ్ల నొప్పులు ఉండొచ్చు. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. జ్వరం వచ్చిన మూడు నెలల తర్వాతా వాపు, అంటే నొప్పి ఒకటే కాదు, వాపు కూడా అట్లాగే ఉంటే అప్పుడు 'జ్వరం నొప్పులే' అని తోసేయకుండా సీసీపీ చేయించాలి.

మూడోది, సూది. కీళ్లు పట్టేసినప్పుడు ఊళ్లో ఒక సూది వేస్తారు, మరుసటి రోజు మనిషి లేచి చేనికి పోతుంది. నెలకొకసారి సూది, నెలంతా బాగు. అది స్టెరాయిడ్. పేరు లేని గోళీలు, పొట్లాల్లో ఇచ్చే పొడులు, 'మూడు రోజుల్లో గ్యారంటీ' అనే పసరు మందుల్లో కూడా చాలాసార్లు స్టెరాయిడే కలిపి ఉంటుంది. మూడు రోజుల్లో నొప్పి పూర్తిగా పోయి, ఆకలి బాగా పుట్టి, రెండు నెలల్లో మొహం గుండ్రంగా ఉబ్బితే ఆ పొడిలో ఏముందో అడగక్కర్లేదు.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేననడం లేదు. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, మంచం దిగలేని కీళ్లవాత రోగి రోజుల్లోనే నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. దుష్ఫలితాలు ఆ తర్వాతే లోకానికి తెలిశాయి: షుగర్, బీపీ, కంటిలో శుక్లాలు, ఎముకలు గుల్లబారడం, క్షయ తిరగబెట్టడం. అందుకే ఇప్పుడు దాన్ని వంతెనలాగా వాడతాం. అసలు మందు పనిచేయడానికి పట్టే 6 నుంచి 12 వారాల పాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ గోళీ రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, పొద్దున తిన్న తర్వాత, ఆపైన మెల్లగా తగ్గించి ఆపేయడం. మూడు వారాలకు మించి వాడినవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. మన ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, ప్రాణం మీదికి వస్తుంది. ఊరి సూది రెండేళ్లుగా వేయించుకుంటున్నవాళ్లు ఆ సంగతి పెద్ద డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా చెప్పండి. మేము తిట్టడానికి అడగం, ఎట్లా తగ్గించాలో లెక్క వేయడానికి అడుగుతాం.

నొప్పి గోళీల సంగతి రెండు మాటల్లో. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పిని ఆపుతాయి, ఎముక కొరుకుడును ఆపవు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు చెమటలు కారి నీళ్లు చాలని ఒంటి మీద అవి రోజూ వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇప్పుడు అసలు మందు. మెథోట్రెక్సేట్. ఇది మన తెలుగు వాళ్లు చెప్పుకోవాల్సిన మందు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, ఆయన బృందమే బీ విటమిన్లలో ఒకటైన ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు మందులుగా అమినోప్టెరిన్‌నూ, మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది కూడా ఆ బృందమే. మొదట అవి రక్త క్యాన్సర్‌కు వాడారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1988లో. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. ఈ రోజు కీళ్లవాత రోగి వారంలో ఒక రోజు మెథోట్రెక్సేట్, ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటుందంటే రెండు చేతుల్లోనూ ఆయన పనే ఉంది.

'క్యాన్సర్ మందట కదా' అని చాలామంది చీటీ చించేస్తారు. క్యాన్సర్‌కు వేసే మోతాదు వేరు, చాలా పెద్దది. కీళ్లవాతంలో 7.5 నుంచి 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కీళ్ల లెక్క చూసుకుంటూ గరిష్ఠంగా 25 దాకా పోతాం. అదీ వారానికి ఒక్కసారి. మళ్లీ చెప్తున్నాను, వారానికి ఒక్కసారి. ఈ మందుతో జరిగే ఘోరాలన్నీ ఇక్కడే జరుగుతాయి. రోజూ వేసుకుంటే వారం పది రోజుల్లో నోరంతా పుళ్లు పడి, మింగలేక, జ్వరం వచ్చి, తెల్లకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరతారు. అప్పుడు ఫోలిక్ యాసిడ్ చాలదు, ఫోలినిక్ యాసిడ్ అనే వేరే సూది వెంటనే పడాలి. కొందరు దక్కరు.

ఎందుకు రోజూ వేసుకుంటారు? మీరు చీటీ చేతిలో పట్టుకుని చూడండి. ఫోలిట్రాక్స్ అని ఒక పేరు, ఫోల్వైట్ అని ఒక పేరు. మొదటిది మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ యాసిడ్. రెండూ 'ఫోల్'తోనే మొదలు, రెండూ పసుపు పచ్చగా చిన్న గోళీలు. మందుల షాపు కుర్రాడు కవరు మీద 'రోజుకు ఒకటి' అని రాస్తే అయిపోయింది. రెండో ప్రమాదం షీటు మారినప్పుడు. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10, 15 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. 2.5 గోళీలు ఆరు వేసుకునే మనిషికి ఈ నెల 7.5 షీటు ఇచ్చారనుకోండి, ఆమె అలవాటుగా ఆరు వేసుకుంటే 15 బదులు 45 పడుతుంది. అందుకే 'ఎన్ని గోళీలు' అని గుర్తుపెట్టుకోకండి, 'ఎన్ని మిల్లీగ్రాములు' అని గుర్తుపెట్టుకోండి. షాపులో డబ్బులిచ్చే ముందు షీటు మీది అంకె గట్టిగా చదవమనండి.

వారంలో ఒక రోజు పెట్టుకోండి. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక అనుకుందాం. శనివారమో, సోమవారమో ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ రోజు మాత్రం పెట్టుకోకండి, ఖాళీ కడుపుతో వికారం ఎక్కువ. ఇంట్లో క్యాలెండరులో ప్రతి వారం ఆ రోజు చుట్టూ సున్నా చుట్టి, వేసుకోగానే అడ్డగీత కొట్టండి. చదువురాని పెద్దమ్మకు కూడా ఇది తెలుస్తుంది. రెండు మందులూ ఒకే డబ్బాలో ఉంచొద్దు. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, తక్కువలో తక్కువ వారానికి ఒకటి, మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజు కాకుండా. వాంతి వచ్చినట్టుంటే అదే రోజు పొద్దున సగం, రాత్రి సగం చేసుకోవచ్చు, డాక్టరును అడిగి. 15 దాటాక గోళీ రూపంలో పేగు అంతగా పీల్చుకోదు, అప్పుడు పొట్ట మీదో, తొడ మీదో చర్మం కింద వేసుకునే సూదికి మారుస్తాం.

రక్తపరీక్షలు. మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్కకు సీబీసీ, కాలేయానికి ఎస్‌జీపీటీ, కిడ్నీకి క్రియాటినిన్, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ, సీ. తర్వాత మోతాదు కుదిరేదాకా రెండు నుంచి నాలుగు వారాలకు, కుదిరాక మూడు నెలలకొకసారి సీబీసీ, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్. ఇవి అనంతపురంలో, ధర్మవరంలో, గుంతకల్లులో ఏ ల్యాబులోనైనా అవుతాయి, వీటికోసం బెంగళూరు బస్సెక్కక్కర్లేదు. ఒక కిటుకు చెప్తాను: మందు వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో ఎస్‌జీపీటీ కాస్త పెరిగి కనబడుతుంది. ఆదివారం వేసుకునేవాళ్లు శుక్రవారమో, శనివారమో రక్తం ఇస్తే నిజమైన అంకె వస్తుంది. తెల్లకణాలు 3,500 కంటే తగ్గినా, ప్లేట్‌లెట్లు 1,40,000 కంటే తగ్గినా, ఎస్‌జీపీటీ 100 దాటినా ఆ వారం మోతాదు ఆపి ఫోన్ చేయండి. నోటిపూత, జ్వరం, కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వస్తే రిపోర్టు కోసం కూడా ఆగొద్దు, మందు ఆపి డాక్టరుకు చూపించండి. సారాయి, బ్రాందీ దీనితో కుదరదు. మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్, జనం సెప్ట్రాన్ అంటారే, అది దీనితో కలిస్తే మూలుగ ఎండిపోతుంది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా 'నేను వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటాను' అన్న మాట ముందు చెప్పండి.

మిగతా మందులు త్వరగా చెప్పేస్తాను. హైడ్రాక్సీక్లోరోక్విన్: ఒంటి బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 50 కిలోల మనిషికి 250. మొదటి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్లు దాటాక ఏటా కంటి తెర పరీక్ష. సల్ఫాసలజీన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దు. మూడు నెలలకు మేలు కనబడకపోతే, ఆరు నెలలకు జబ్బు అదుపులోకి రాకపోతే మందు మార్చాలి లేదా కలపాలి. 'ఇదే కంటిన్యూ చేయండి' అని ఏడాది పాటు రాయించుకోవద్దు. అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ లాంటి ఖరీదైన సూదులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, ఛాతీ ఎక్స్‌రేతో పాటు చర్మం మీద చేసే మాంటూ లేదా రక్తంతో చేసే ఇగ్రా. నిద్రపోతున్న క్షయ బయటపడితే ముందు దానికి మందు మొదలుపెట్టి కనీసం నెల తర్వాతే సూది. టోఫాసిటినిబ్ గోళీ చవకైంది, అందుకని సులువుగా రాసేస్తున్నారు. 65 దాటినవాళ్లకు, బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు అది మొదటి ఎంపిక కాకూడదు.

ఇప్పుడు మన నేలకు సంబంధించిన మాట. 25 ఏళ్ల కుర్రాడికి నడుము నొప్పి, తెల్లవారుజామున నిద్ర లేపుతుంది, పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది, మూడు నెలలు దాటింది. అది డిస్కు నొప్పి కాదు, యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనుమానించాలి. పిరుదుల పైన ఉండే కీళ్లకు ఎంఆర్‌ఐ, హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే రక్తపరీక్ష చేస్తాం. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే అదీ ఈ జబ్బులో భాగమే, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. వెన్ను మీద మెథోట్రెక్సేట్ పనిచేయదు. ఇక్కడ దీనికి మారువేషం ఒకటుంది. మన జిల్లాలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు చాలా ఉన్నాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చిందీ ఆ నీటి బాధ చూసే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు వెన్ను, మెడ కర్రలా బిగుసుకుపోతాయి. ఎక్స్‌రేలో ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టినట్టు కనబడుతుంది, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ సాధారణంగా మామూలుగానే ఉంటాయి. దానికి వాతం మందులు వేస్తే దుష్ఫలితాలే మిగులుతాయి. తాగే నీళ్లు పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

లూపస్ గురించి ఒక్క సంగతే నొక్కి చెప్తాను, ఎందుకంటే అది ప్రాణం తీసే సంగతి. వయసులో ఉన్న ఆడపిల్లకు ఎండలోకి పోతే బుగ్గలు ఎర్రబడటం, జుట్టు కుచ్చులుగా ఊడటం, నోటిలో నొప్పి లేని పుళ్లు, సన్నజ్వరం, కీళ్ల నొప్పులు. చర్మం డాక్టరు దగ్గర ఒకటి, జ్వరం డాక్టరు దగ్గర ఒకటి విడివిడిగా చూపిస్తూ తిరుగుతారు. ఈలోపు చప్పుడు లేకుండా కిడ్నీ పోతుంది, నొప్పి ఉండదు. మూత్రంలో సబ్బు నురగలాగా నురగ వచ్చి ఆరకపోతే, పొద్దున కళ్ల చుట్టూ వాస్తే ఆలస్యం చేయొద్దు. మూత్రపరీక్ష ప్రతి విజిటుకూ చేయాలి. ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటితే కిడ్నీ ముక్క పరీక్ష మాట్లాడాలి. ఇక ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ అని రిపోర్టు రాగానే లూపస్ అని ఏడవకండి. రక్తాన్ని 80 రెట్లు పల్చన చేసి చూసినప్పుడు, అంటే 1:80 దగ్గర, ఏ జబ్బూ లేనివాళ్లలో నూటికి 13 మందికి, 1:160 దగ్గర 5 మందికి పాజిటివ్ వస్తుంది. లక్షణాలు లేని ఏఎన్‌ఏకు మందు లేదు, అవసరమూ లేదు.

బెంగళూరుకో, వేలూరుకో పోవడం ఎట్లా అన్నాను కదా. పెద్ద డాక్టరు కావాల్సింది మూడు చోట్ల: జబ్బు పేరు తేల్చడానికి, మందు మొదలుపెట్టి మోతాదు కుదర్చడానికి, అదుపు తప్పినప్పుడు. మధ్యలో రక్తపరీక్షలు, బీపీ, కీళ్ల లెక్క మన పెద్దాసుపత్రి మెడిసిన్ ఓపీలోనో, మీ ఊరి ఫిజీషియన్ దగ్గరో జరగొచ్చు. అందుకు ఆ పెద్ద డాక్టరు దగ్గర ఒక కాగితం రాయించుకోండి: జబ్బు పేరు, మందు, ఎన్ని మిల్లీగ్రాములు, వారంలో ఏ రోజు, ఏ పరీక్ష ఎన్నాళ్లకు, ఏ అంకె దాటితే ఆపాలి. ఆ ఒక్క కాగితం మీ ఊరి డాక్టరు చేతిలో ఉంటే నెలనెలా పోయే ప్రయాణం ఏడాదికి మూడు నాలుగుకు తగ్గుతుంది. పోయేటప్పుడు పాత చీటీలు తేదీల వారీగా, ఇంతవరకు వాడిన మందుల షీట్లు ఫోన్లో ఫొటోలుగా, వాపు ఉన్న రోజున తీసిన చేతుల ఫొటో తీసుకుపోండి. వాపు లేని రోజున పోతే ఆ ఫొటోనే సాక్ష్యం.

ఇక అడగండి.

(సభలోంచి ఒకామె: మేడమ్, వంకాయ, గోంగూర, చెనక్కాయలు తినొద్దంటారు. పత్యం ఏం చెయ్యాల?)

ఏమీ మానక్కర్లేదమ్మా. వంకాయ తింటే కీలు వాచదు. చెనక్కాయలు మంచి ఆహారం, తినండి. పెట్టాల్సిన పత్యం బీడీకి, ఒంటి బరువుకు. స్టెరాయిడ్ వేసుకుంటున్నన్నాళ్లు ఉప్పు, చక్కెర తగ్గించి, పాలు, పెరుగు, రాగులు పెంచండి.

(ఇంకొకరు: మా కోడలికి ఇరవై ఆరేండ్లు. ఈ మందు వేసుకుంటే పిల్లలు పుట్టరంటున్నారు.)

పుడతారు. మందు వల్ల గర్భసంచి చెడిపోదు. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు మాత్రం హాని చేస్తుంది, అందుకని గర్భం అనుకున్నప్పుడు మూడు నెలల ముందే ఆపాలి. లెఫ్లునోమైడ్ అనే ఇంకో వాతం మందు అయితే అది ఒంట్లోంచి కడిగేయడానికి వేరే మందు ఇవ్వాలి. ఆ మూడు నెలలూ, గర్భంలోనూ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ వాడొచ్చు. మందులన్నీ ఎత్తేసి వాతం ముదరనిస్తే తల్లికీ, బిడ్డకూ రెండింటికీ చెడ్డదే. 'పెళ్లి కుదిరింది' అన్న రోజునే ఆ మాట డాక్టరుకు చెప్పండి, నెల తప్పాక కాదు. లూపస్ ఉన్నవాళ్లయితే జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉన్నాకే.

(వెనక వరుస నుంచి: జ్వరమొచ్చిన వారం మెథోట్రెక్సేట్ వేసుకోవాలా, వద్దా? మర్చిపోతే?)

యాంటీబయాటిక్ అవసరమైనంత జ్వరమైతే ఆ వారం వేసుకోవద్దు. కోర్సు అయిపోయి, తగ్గాక మళ్లీ మీ మామూలు రోజున మొదలుపెట్టండి. రెండు వారాలు తప్పినంత మాత్రాన కీళ్లేమీ అయిపోవు. ప్రెడ్నిసొలోన్ మాత్రం జ్వరంలోనూ ఆపకూడదు, గుర్తుంచుకోండి. మర్చిపోయినప్పుడు, ఆదివారం వేసుకోవాల్సింది మంగళవారం లోపు గుర్తొస్తే వేసుకోండి. బుధవారం గుర్తొస్తే వదిలేయండి. వచ్చే ఆదివారం ఎప్పటి మోతాదే, రెండు వారాలది కలిపి కాదు.